రెక్కల పందెం

ఎవరు వేగంగా ఎగిరారన్నది పందెం. పారాచూట్ ఎలా తెరుచుకుందన్నది ప్రాణం. వింగ్‌సూట్ వీడియోలు చూసి మురిసిపోయే మనకు కనిపించని ఆ రెండో సంగతే ఈ వారం ముఖచిత్ర కథనం.

చైనాలోని హునాన్ ప్రావిన్స్‌లో తియెన్‌మెన్ కొండ. శిఖరం అంచుకు బిగించిన ఇనుప వేదిక, కింద లోయ నిండా మంచు. ఆ మంచు పలచబడ్డప్పుడల్లా 99 మలుపులు తిరుగుతూ కొండెక్కే రోడ్డు కనిపించి మళ్లీ మాయమవుతుంది. వేదిక చివర నిలబడ్డ మనిషి చేతుల నుంచి నడుం దాకా, ఒక కాలి నుంచి ఇంకో కాలికి నైలాన్ గుడ్డ. వీపున పారాచూట్ సంచి. కుడిచేత్తో వెనక్కి తడిమి, సంచి అడుగున ఉన్న పిడి అందుతోందో లేదో చూసుకుంటాడు. ఇంకోసారి చూసుకుంటాడు. దూకేస్తాడు.

మొదటి రెండు మూడు సెకన్లు తిన్నగా కిందికే పడతాడు. ఈలోగా సూట్ ముందువైపున్న రంధ్రాల్లోంచి గాలి లోపలి అరల్లోకి దూరుతుంది. గుడ్డ బిగుసుకుంటుంది. అక్కణ్నుంచి అతను పడటం లేదు, ముందుకు దూసుకుపోతున్నాడు. కొండ గోడ పక్కనుంచి, చెట్ల కొసల మీదుగా, గంటకు రెండొందల కిలోమీటర్లు దాటిన వేగంతో. కింద జనం తలలెత్తేలోపే దాటిపోతాడు.

ఇంతవరకూ మన ఫోన్లలో తిరిగే వీడియోల్లో కనిపిస్తుంది. 2011 సెప్టెంబరులో అమెరికన్ జెబ్ కార్లిస్ ఈ కొండకే ఉన్న సహజ బిలంలోంచి ఇటు నుంచి అటు ఎగిరిపోయాడు. 131 మీటర్ల ఎత్తు, 57 మీటర్ల వెడల్పున్న ఆ రాతి ద్వారంలోంచి మనిషి దూసుకెళ్లిన దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. మరుసటి ఏడాది అక్టోబరులో వరల్డ్ వింగ్‌సూట్ లీగ్ ఇక్కడే తొలి చాంపియన్‌షిప్ నిర్వహించింది. దక్షిణాఫ్రికాకు చెందిన జూలియన్ బూల్ గెలిచాడు.

రెండో ఏడాది కథ వేరు. 2013 అక్టోబరు 8న, పోటీకి ముందు సాధనలో, హంగరీకి చెందిన విక్టర్ కొవాచ్ దూకాడు. పారాచూట్ తెరుచుకోవాల్సిన చోట తెరుచుకోలేదు. గాలింపు బృందాలకు మరునాడు మృతదేహం దొరికింది. పోటీ మాత్రం జరిగింది. కొలంబియాకు చెందిన జొనాథన్ ఫ్లోరెజ్ విజేత. అతను అనామకుడేం కాదు. 2012 ఏప్రిల్‌లో కొలంబియా ఆకాశంలో 37 వేల అడుగుల పైనుంచి దూకి, 9 నిమిషాల 6 సెకన్లపాటు వింగ్‌సూట్‌తో ఎగిరి ప్రపంచ రికార్డులు నెలకొల్పినవాడు. 2015 జులైలో స్విట్జర్లాండ్‌లోని ఎంగెల్‌బెర్గ్ దగ్గర సాధన చేస్తూ అతనూ చనిపోయాడు.

ఒకే పోటీ చరిత్రలో రెండు పేర్లు. ఈ ఆటను గురించి రాసేటప్పుడు వాటిని చివరి పేరాకు తోసేయడం నాకు ఇష్టం లేదు.

దర్జీ కుట్టిన మొదటి రెక్కలు

మనిషి గుడ్డతో రెక్కలు కుట్టుకోవడం ఈనాటిది కాదు. 1912 ఫిబ్రవరి 4న పారిస్‌లో ఫ్రాంజ్ రైషెల్ట్ అనే దర్జీ తాను కుట్టిన పారాచూట్ సూట్ తొడుక్కుని ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు నుంచి దూకాడు. సూట్ విచ్చుకోలేదు. కెమెరాల ముందే ప్రాణం పోయింది. 1937లో అమెరికన్ క్లెమ్ సోన్ ఫ్రాన్స్‌లోని వాన్‌సెన్‌లో జనం చూస్తుండగా దూకాడు. రెక్కలు బాగానే పనిచేశాయి, పారాచూట్‌లే తెరుచుకోలేదు. చెక్క రెక్కలతో ఎగిరి పేరు తెచ్చుకున్న ఫ్రెంచి వీరుడు లియో వాలంటిన్‌కు 1956లో లివర్‌పూల్‌లో విమానం నుంచి బయటికొచ్చేటప్పుడే రెక్క విమానానికి తగిలి విరిగింది. ఆ తర్వాత పారాచూట్‌లూ ఆదుకోలేదు.

ఇప్పుడు మనం చూస్తున్న సూట్‌కు రూపం ఇచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన పాట్రిక్ ద గయార్దాన్. గాలి నింపుకుని తనంతట తానే బిగుసుకునే రెక్కను 1990లలో ఆయన తీర్చిదిద్దాడు. 1998 ఏప్రిల్ 13న హవాయిలో చనిపోయాడు. సూట్ లోపం కాదు. తన పారాచూట్ సంచికి సొంతంగా చేసుకున్న మార్పులో జరిగిన కుట్టు పొరపాటు. ఆకాశంలో ఆయనకు సాటివచ్చేవాళ్లు ఆనాడు లేరు. అంతటివాణ్ని నేలమీద, సూదీదారం దగ్గర జరిగిన తప్పు తీసుకుపోయింది.

మరుసటి ఏడాదే ఫిన్లాండ్‌కు చెందిన యారి కుఓస్మా, క్రొయేషియాకు చెందిన రాబర్ట్ పెచ్నిక్ కలిసి బర్డ్‌మ్యాన్ కంపెనీ పెట్టి, మొదటిసారి మామూలు స్కైడైవర్లు కొనుక్కోగల సూట్ తయారుచేశారు. ఈ ఆట ప్రయోగం నుంచి క్రీడగా మారింది అప్పుడే.

పందెం అంటే ఏ పందెం?

బయటినుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి కానీ, వింగ్‌సూట్ పోటీల్లో రెండు లోకాలున్నాయి. ఒకటి కొండ మీది నుంచి దూకేది, అంటే బేస్ జంపింగ్. తియెన్‌మెన్ పోటీ ఈ కోవలోది. నార్వేలోని ఇన్‌ఫియోర్డెన్‌లో 2008 నుంచి జరిగిన వరల్డ్ బేస్ రేస్ కూడా అంతే. ఇందులో ఉండేది ఒక్క పారాచూట్. అది మొరాయిస్తే రెండోది తీసేంత ఎత్తు ఉండదు కాబట్టి అసలు మోసుకెళ్లరు.

రెండోది విమానం నుంచి దూకేది. మనిషికి రెండు పారాచూట్‌లు ఉంటాయి, చుట్టూ ఖాళీ ఆకాశం తప్ప కొండా గుట్టా ఉండవు. అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్ఏఐ గుర్తించిన పోటీలు ఇవే. 2016లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం జెఫిర్‌హిల్స్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. జనాన్ని ఆకట్టుకోవడానికి వీటికి వేరే రూపాలూ పుట్టాయి. 2014లో కాలిఫోర్నియాలోని ఓక్‌డేల్‌లో మొదలైన రెడ్‌బుల్ ఏసెస్‌లో హెలికాప్టర్ల నుంచి గాలిలో వేలాడదీసిన గేట్ల గుండా ఒకేసారి నలుగురు పోటీపడి ఎగిరారు. ఆ మొదటి పోటీలో ఆండీ ఫారింగ్టన్ గెలిచాడు.

నా మటుకు నాకు విమానం నుంచి దూకే పోటీలే క్రీడ. కొండ అంచున దూకేవాళ్ల నైపుణ్యం తక్కువదని కాదు, నిజానికి ఎక్కువే కావాలి. కానీ సెకనులో పదోవంతు కోసం ఒక్క పారాచూట్‌తో రాళ్ల పక్కనుంచి పరుగు పెట్టించే పోటీని చప్పట్లు కొట్టి చూడటం నాకు మనసొప్పదు. 2016 ఆగస్టులో పది రోజుల వ్యవధిలో ఇటలీకి చెందిన ఉలీ ఎమాన్యుయేల్, అలెగ్జాండర్ పోల్లీ, ఆర్మిన్ ష్మీడర్ ఆల్ప్స్ పర్వతాల్లో వరసగా చనిపోయారు. ముగ్గురూ ఆరితేరినవాళ్లే. ష్మీడర్ దూకేటప్పుడు ఫేస్‌బుక్‌లో ప్రత్యక్ష ప్రసారం నడుస్తోంది. చూస్తున్నవాళ్లకు చివరికి వినిపించింది చప్పుడు మాత్రమే.

> విజేతను ఎలా తేలుస్తారు?
>
> ఎఫ్ఏఐ పోటీలో గమ్యం రేఖ ఉండదు. ఆకాశంలో నిలువునా ఒక కిలోమీటరు పొడవున్న పొరను ముందే నిర్ణయిస్తారు. ఆ పొర దాటే లోపు మూడు పరీక్షలు. ఒక దూకులో ఎక్కువసేపు గాలిలో ఉండాలి. ఒక దూకులో ఎక్కువ దూరం పోవాలి. ఒక దూకులో అడ్డంగా ఎక్కువ వేగం చూపాలి. పోటీదారుడి దగ్గరుండే జీపీఎస్ పరికరం అన్నీ నమోదు చేస్తుంది. ఒక్కో పరీక్షలో మొదట నిలిచినవారికి నూటికి నూరు, మిగతావారికి దాన్నిబట్టి శాతాలు. ఆ కిలోమీటరు దిగడానికి మంచి వింగ్‌సూట్ పైలట్లు ఒకటిన్నర నిమిషం పైనే తీసుకుంటారు. సూట్ లేకుండా బోర్లా పడే స్కైడైవర్‌కు అందుకు పట్టేది ఇరవై సెకన్లు.

ముందు కొనాల్సింది సూట్ కాదు

కొత్తగా ఈ ఆటలోకి వచ్చినవాళ్లందరి చూపూ సూట్ మీదే ఉంటుంది. రంగులు, రెక్క వెడల్పు, ఎవరు ఏ కంపెనీది వేసుకుని గెలిచారన్న కబుర్లు. కాస్త తలపండిన శిక్షకుణ్ని అడిగితే మాత్రం మొదట ఎదురుప్రశ్న వేస్తాడు: నీ పారాచూట్ ఏది?

ఎందుకో చూద్దాం. హైవే మీద లారీ వెనకే బైక్ నడిపినవాళ్లకు తెలుసు, ముందు గాలి తగలదు కానీ బండి అటూఇటూ ఊగుతుంది. వింగ్‌సూట్ వేసుకున్న మనిషి వీపు వెనక కూడా అలాంటి సుడిగాలే ఉంటుంది. రెక్క పెద్దదైన కొద్దీ ఆ సుడి పెద్దది. పారాచూట్ తెరవడమంటే ఆ సుడిలోకే చెయ్యి పెట్టి పైలట్ చూట్ అనే చిన్న గొడుగును విసరడం. అది నికరమైన గాలిని అందుకుంటే పట్టీని లాగుతుంది, పట్టీ పిన్నును లాగుతుంది, పిన్ను ఊడి పెద్ద పారాచూట్ బయటికొస్తుంది. సుడిలోనే చిక్కుకుంటే వీపు మీదే గిలగిల్లాడుతూ ఉండిపోతుంది. ఒక సెకను, రెండు సెకన్లు. ఆ ఎత్తులో సెకన్లు చాలా ఖరీదైనవి.

అందుకే మామూలు స్కైడైవింగ్‌కు కొన్న రిగ్గును, అంటే పారాచూట్‌లు, సంచి, పట్టీలు కలిసిన సరంజామాను, ఉన్నదున్నట్టు వాడకూడదు. పైలట్ చూట్ కాస్త పెద్దది కావాలి. సుడి దాటి అవతలికి చేరేలా బ్రైడిల్ అనే ఆ పట్టీ పొడవుగా ఉండాలి. సంచి అడుగు మూలలు పారాచూట్ బయటికి వచ్చేటప్పుడు అడ్డం తగలకూడదు. ఈ మార్పులు సొంతంగా చేసుకునేవి కావు. పారాచూట్‌లు మడిచి, బాగుచేసే గుర్తింపు ఉన్న నిపుణుడు, అంటే రిగ్గర్ చేతే చేయించాలి. గయార్దాన్ లాంటివాడికి తప్పలేదు, మనమెంత?

ఇక పారాచూట్. అనుభవం పెరిగిన స్కైడైవర్లు చిన్నవి, కొసలు బాగా కోసుగా ఉన్నవి, మహా వేగంగా తిరిగేవి ఇష్టపడతారు. వింగ్‌సూట్‌కు అవి పనికిరావు. తెరుచుకునే క్షణంలో ఒంట్లో ఒక భుజం కొంచెం వాలినా అలాంటి పారాచూట్ ఒకవైపు తిరిగిపోతుంది, తాళ్లు మెలిపడతాయి. మామూలు స్కైడైవర్ చేతులెత్తి తాళ్లు విడదీసుకుంటాడు. వింగ్‌సూట్‌లో చేతులకు గుడ్డ, కాళ్లకు గుడ్డ. కాబట్టి ఏడు అరలున్నది, బరువుకు తగ్గ పెద్ద సైజుది, ఎప్పుడు తెరిచినా నిటారుగా ముందుకే తెరుచుకునేది కావాలి. స్క్విరల్ కంపెనీ ఎపిసీన్, పర్ఫార్మెన్స్ డిజైన్స్ వాళ్ల హొరైజన్ ఈ అవసరం కోసమే పుట్టాయి. గుడ్డ పలచన కాబట్టి పెద్ద సైజు కూడా చిన్న సంచిలో ఇముడుతుంది. చూడటానికి వీటిలో ఆకర్షణ ఏమీ లేదు. ఆకర్షణ లేకపోవడమే వీటి గొప్ప.

పెద్ద రెక్కల మోజు

సూట్ ఎంపికలో జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒక్కటే. స్థాయికి మించిన సూట్ కొనడం. స్క్విరల్ స్విఫ్ట్, ఫీనిక్స్‌ఫ్లై షాడో లాంటి మొదటి మెట్టు సూట్లలో రెక్క చిన్నది. చేతులు తేలిగ్గా కదులుతాయి, పిడి సులువుగా అందుతుంది, పారాచూట్ తెరిచాక జిప్పు విప్పకుండానే పైన పట్టీలను పట్టుకోవచ్చు. రేసుల్లో కనిపించే భారీ సూట్లకు ఇదేమీ ఉండదు. కాళ్ల మధ్య రెక్క పాదాలు దాటి కిందికి వస్తుంది, చేతుల రెక్కలో మనిషి మునిగిపోతాడు. అలాంటి సూట్‌లో అదుపు తప్పి వెల్లకిలా గిర్రున తిరగడం మొదలైతే, అందులోంచి బయటపడటం ముందే నేర్చుకుని ఉండాలి. గాలిలో నేర్చుకునే వ్యవధి ఉండదు.

పోటీలో నెగ్గాలంటే పెద్ద సూట్ తప్పదు, అది నిజం. గాలిలో ఒక మీటరు దిగేలోపు మూడు మీటర్లు ముందుకు పోయే సామర్థ్యం ఆ గుడ్డ వల్లే వస్తుంది. కానీ చిన్న సూట్‌ను పూర్తిగా ఎగరేయడం వచ్చినవాడు, పెద్ద సూట్‌ను సగం సగం ఎగరేసేవాణ్ని దాటిపోతాడు. శిక్షకులు ఈ మాట అలవాటుగా అనేది కాదు, జీపీఎస్ గీతలు ముందుపెట్టి చూపించేది.

అమెరికా పారాచూట్ సంఘం నిబంధన ప్రకారం కనీసం 200 స్కైడైవ్‌లు చేయనివాళ్లు వింగ్‌సూట్ తొడగకూడదు. ఆ తర్వాత కూడా మొదటి పాఠం శిక్షకుడితోనే, మామూలుకన్నా ఎక్కువ ఎత్తులో పారాచూట్ తెరవాలన్న షరతుతోనే. డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. ఒంటి కొలతలిచ్చి కుట్టించుకునే కొత్త సూట్ ఒకటీ రెండు వేల డాలర్లు. పారాచూట్‌లు, సంచి, రక్షణ పరికరం అన్నీ కలిసిన కొత్త రిగ్గు దానికి ఎన్నో రెట్లు. దీంతో పాత సరుకుకు గిరాకీ ఎక్కువ. వేరొకరి కొలతలకు కుట్టిన సూట్ వదులైతే అదుపు ఉండదు, బిగుతైతే చెయ్యి వెనక్కి పోదు. పాతది కొనడం తప్పు కాదు. రిగ్గర్‌కు చూపించకుండా కొనడం తప్పు.

> తెలివి తప్పితే కాపాడే పెట్టె, దాని హద్దు
>
> పారాచూట్ తెరవడం మరిచిపోయినా, స్పృహ తప్పినా, రిజర్వ్ అనే రెండో పారాచూట్‌ను తనంతట తానే తెరిచే పరికరం ఉంటుంది. 1991లో జర్మనీ నుంచి వచ్చిన సైప్రెస్ వీటిలో బాగా పేరున్నది. మామూలు అమరికలో అది నేలకు సుమారు 225 మీటర్ల ఎత్తులో, సెకనుకు 35 మీటర్లకు మించిన వేగంతో పడుతుంటేనే పనిచేస్తుంది. నిలకడగా ఎగురుతున్న వింగ్‌సూట్ పైలట్ సెకనుకు దిగేది పది పన్నెండు మీటర్లు. అంటే ఎత్తు చూసుకోకుండా ఎగురుతూ పోతే పెట్టె మౌనంగానే ఉంటుంది. పెట్టె ఉండాల్సిందే. కానీ ఎత్తు చెబుతూ చెవిలో కూత పెట్టే ఆల్టిమీటర్, చేతికి కట్టుకున్న ఆల్టిమీటర్ దానికన్నా ముందుండాలి.

విమానం తలుపు దగ్గర

వింగ్‌సూట్ కింద కాళ్ల పట్టీలు కనిపించవు. పారాచూట్‌ను ఒంటికి కట్టే పట్టీల చట్రం, అంటే హార్నెస్ మీద సూట్ తొడిగి జిప్పు లాగేశాక, తొడలకు పట్టీలు బిగించారో లేదో పక్కవాడికి తెలీదు, వేసుకున్నవాడికి కూడా సూట్ బిగుతు వల్ల అంతా సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఇలా పట్టీలు మరిచిపోయి దూకి, పారాచూట్ తెరుచుకోగానే హార్నెస్‌లోంచి జారిపోయి చనిపోయినవాళ్లున్నారు. ఖరీదైన సూట్, ఖరీదైన పారాచూట్, అన్నీ సవ్యంగా పనిచేశాయి. జిప్పు లాగే ముందు తొడ మీద చెయ్యి వేసి చూసుకోవడం ఒక్కటే జరగలేదు.

విమానం నుంచి బయటపడే క్షణం ఇంకో గండం. ఒకటి రెండు సెకన్లపాటు రెక్కలు ముడుచుకునే ఉండాలి. తొందరపడి తెరిస్తే గాలి పైకెత్తి విమానం తోకకు కొడుతుంది. మామూలు స్కైడైవర్లందరూ దూకాక చివర్లో వింగ్‌సూట్ వాళ్లు దూకుతారు, విమానం దారికి దూరంగా మళ్లుతారు. ఇవన్నీ పైలట్‌కూ దూకేవాళ్లకూ మధ్య ముందే మాట్లాడుకోవాల్సిన విషయాలు. 2018 జులైలో ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలో ఒక వింగ్‌సూట్ క్రీడాకారుణ్ని, అతన్ని దింపిన విమానమే కిందికి దిగుతూ రెక్కతో ఢీకొట్టింది. అక్కడికక్కడే చనిపోయాడు. కేసు ఏళ్లపాటు నడిచి, 2024లో పైలట్‌ను కోర్టు దోషిగా తేల్చింది. పైలట్, దూకేవాళ్లు ఒకరి దారి ఒకరికి స్పష్టంగా చెప్పుకోలేదన్నదే విచారణలో ప్రధానంగా నలిగిన విషయం.

ఇవన్నీ చదివి స్కైడైవింగ్ అంటేనే చావు అని అనుకుంటే అదీ పొరపాటే. 2023లో అమెరికాలో 36 లక్షలకు పైగా దూకులు జరిగితే చనిపోయినవాళ్లు పదిమంది. అరవై ఏళ్లుగా ఒక్కో ప్రమాదాన్నీ దాచకుండా రాసుకుని, కారణం వెతికి, నిబంధన మార్చుకుంటూ వచ్చినందుకు దక్కిన ఫలితం అది. రిజర్వ్ పారాచూట్‌ను 180 రోజులకోసారి విప్పి, పరిశీలించి, రిగ్గర్ మళ్లీ మడిచి సంతకం పెట్టాలన్న అక్కడి నిబంధన కూడా ఆ క్రమశిక్షణలో భాగమే. కొండల మీది పోటీలకు అలాంటి వ్యవస్థ లేదు. నా అభ్యంతరం అక్కడే.

మన ఆకాశంలో

మన దేశంలో వింగ్‌సూట్ చరిత్ర చిన్నది, కానీ లేకపోలేదు. పుణెకు చెందిన పద్మశ్రీ శీతల్ మహాజన్ వింగ్‌సూట్ దూకు దూకిన తొలి భారతీయ మహిళ. కార్గిల్ విజయానికి ఇరవై ఏళ్లయిన సందర్భంగా 2019 జులైలో వాయుసేన వింగ్ కమాండర్ తరుణ్ చౌధ్రి జోధ్‌పూర్‌లో ఎంఐ-17 హెలికాప్టర్ నుంచి వింగ్‌సూట్‌తో దూకారు. వాయుసేనలో అది మొదటిది. పౌరులకు మాత్రం ఇక్కడ 200 దూకులు పూర్తిచేసే వసతి అంతంతమాత్రమే. హైదరాబాద్ శివారులోని గండిపేటలో ఇండోర్ స్కైడైవింగ్ కేంద్రం ఉంది. నిలువు గొట్టంలో వీచే గాలి మీద ఒళ్లు అదుపులో పెట్టుకోవడం వరకూ అక్కడ నేర్చుకోవచ్చు. వింగ్‌సూట్ సాధనకు వాలుగా ఉన్న సొరంగం కావాలి. స్టాక్‌హోమ్‌లో అలాంటిదొకటి కట్టారు.

అందుకే మన పిల్లల్లో ఈ మోజు పుట్టేది ఎక్కువగా పరదేశంలో. దుబాయ్ పామ్ ద్వీపం మీదో, కాలిఫోర్నియాలోనో శిక్షకుడికి కట్టుకుని టాండెమ్ దూకిన వీడియో ఇంటి గ్రూపులో పెడతారు. చాలామందికి అదే మొదలు, అదే ముగింపు. కొందరికి మాత్రం అక్కడితో ఆగదు. లైసెన్స్ తీసుకుంటారు, వారాంతాలన్నీ దూకులు జరిగే డ్రాప్‌జోన్‌లోనే గడుపుతారు, ఒకరోజు రెక్కలు కొంటున్నామని ఫోన్ చేస్తారు.

అలాంటి ఫోన్ మీ ఇంటికి వస్తే, అమ్మానాన్నలుగా మీ గుండె జారడం సహజం. వద్దని ఏడిస్తే ఆగుతారన్న నమ్మకం లేదు. ఆ తర్వాత మీకు చెప్పడం మానేస్తారు, అంతే. కోప్పడకుండా అడగండి: ఇప్పటికి ఎన్నిసార్లు దూకావు, మొదటి పాఠం ఎవరు చెబుతున్నారు, సూట్ ఆ శిక్షకుడు చెప్పిందేనా, దానికి తగ్గ పారాచూట్ ఉందా, రిజర్వ్‌ను రిగ్గర్ చివరిసారి ఎప్పుడు మడిచాడు. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పలేకపోతే ఈ సీజన్‌కు సూట్ కొనొద్దని గట్టిగా చెప్పండి.